పాత మార్షల్ జీపు పొల్యూషన్ టెస్టులో ఫెయిలైంది, ఆర్సీ గడువు వచ్చే నెలే. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలండీ?

గట్టుదిగువ (రావులపాలెం) | మే 4, రాత్రి 9.20

అందరికీ నమస్కారమండీ. మాది రావులపాలెం పక్కన ఏటిగట్టుకి దిగువ లంక. అరటి, కంద, నాలుగు కొబ్బరిచెట్లు. నాన్నగారు 2001 జూన్‌లో కొన్న మహీంద్రా మార్షల్ డీజిల్ జీపు ఇంకా మాతోనే ఉంది. పదిహేనేళ్లు నిండాక 2016లో ఒకసారి, 2021లో ఒకసారి ఆర్సీ రెన్యువల్ చేయించాం. ఈ జూన్‌తో మళ్లీ గడువు అయిపోతుంది.

దానికి ముందు పొల్యూషన్ కాగితం కావాలి కదా అని మొన్న ఆదివారం హైవే మీద ఉండే పొల్యూషన్ బండి దగ్గరికి తీసుకెళ్లాను. సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, ఎక్స్‌లేటర్ ఫుల్లుగా తొక్కమన్నాడు. తొక్కాను. పక్కన టీ తాగుతున్న ముగ్గురు గ్లాసులు పట్టుకుని అవతలికి పోయారు. కాగితం మీద కె విలువ (పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 3.9 అని వచ్చింది. ఉండాల్సింది 2.45 లోపు అట. అక్కడే ఉన్న మెకానిక్ ఒకాయన "బోరుకొచ్చింది, సిలిండర్లు అరిగిపోయాయి, ఇంజిన్ దింపాల్సిందే, నలభై వేలు చూస్కో" అన్నాడు.

బండి సంగతి చెబుతాను. పొద్దున్నే ఒక్క సెల్ఫుకి స్టార్టవుతుంది. ఇంజిన్ ఆయిల్ తాగదు. డీజిల్ మాత్రం కాస్త ఎక్కువే తాగుతుంది. పొగ నల్లగా వస్తుంది, అదీ ఎక్స్‌లేటర్ ఇచ్చినప్పుడే. లోడు లాగడంలో తిరుగులేదు. ముప్పై అరటిగెలలు వేసుకుని లంకలోంచి గట్టు మీదకి సెకండ్ గేరులో ఎక్కేస్తుంది. చుట్టుపక్కల ఏ జీపూ అలా ఎక్కదని నాన్నగారికి మహా గొప్ప. 2022 జూలై వరదప్పుడు ముందు దీన్ని గట్టెక్కించాకే ఇంట్లో సామాను సర్దుకున్నాం, కాబట్టి నీళ్లలో మునగలేదు.

నిజంగా ఇంజిన్ దింపాలా?

ఆయ్_అండీ (అమలాపురం) | మే 4, రాత్రి 9.41

ముందు ఆ టీ తాగే ముగ్గురికీ కొత్త టీ ఇప్పించండి. మిగతాది తర్వాత చూద్దాం.

డిపో_రిటైర్డ్ (రాజమండ్రి) | మే 4, రాత్రి 10.05

బాబూ, కంగారు పడకు. నేను ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. పొగ రంగు చూడకుండా బోరు అనేవాణ్ణి నమ్మకు. రింగులు అరిగి ఆయిల్ మండితే పొగ నీలంగా వస్తుంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం నెలనెలా కిందికి దిగుతుంది. నీ బండికి ఆ రెండూ లేవు. తెల్లపొగ అయితే డీజిల్ కాలకుండా బయటికి పోతుందనో, హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు లోపలికి వస్తున్నాయనో అనుకోవచ్చు. అదీ లేదు. నల్లపొగ అంటే డీజిల్ కాలడానికి సరిపడా గాలి అందలేదని లెక్క. గాలి తగ్గిందో, డీజిల్ ఎక్కువైందో, లేక డీజిల్ తుంపరగా పడక బొట్టుబొట్టుగా పడుతోందో, ఈ మూడింట్లో ఏదో ఒకటి. పొద్దున్నే ఒక్క సెల్ఫుకి లేచే ఇంజిన్‌కి కంప్రెషన్ బాగానే ఉన్నట్టు.

రూపాయి ఖర్చు లేనిదానితో మొదలెట్టు. ఎయిర్ క్లీనర్ ఆఖరిసారి ఎప్పుడు విప్పారు? పాత జీపు కాబట్టి నీది ఆయిల్ బాత్ రకం, అంటే కింద గిన్నెలో పోసిన ఆయిల్ దుమ్ము పట్టుకునే రకం అయ్యుండాలి. ఫొటో తీసి చెప్పు.

షార్ట్‌కట్_రాజా | మే 4, రాత్రి 10.30

ఎందుకన్నా ఇంత కష్టం. ట్యాంకులో లీటరు థిన్నర్ కలిపి వెళ్లు, పొగ సగానికి పడిపోతుంది. నేను రెండుసార్లు పాసయ్యాను. అదీ కాదంటే బండి తేకుండా నంబరిస్తే కాగితం ఇచ్చేవాళ్లు ఉన్నారు.

పంపుల_బాబాయ్ (తణుకు) | మే 4, రాత్రి 10.52

షార్ట్‌కట్ రాజా గారూ, డీజిల్ పంపు లోపల వేరే గ్రీజు, ఆయిలు ఏవీ ఉండని భాగాలు బోలెడు. డీజిల్ని నెట్టే కడ్డీలు, అదే ప్లంజర్లకి, ఆ డీజిలే ఆయిల్. దాంట్లో థిన్నరో కిరసనాయిలో పోస్తే జిగురు పోయి లోహం లోహాన్ని గీకేస్తుంది. అలా గీసుకుపోయిన ప్లంజర్లు నా చేతిలోకి ఎన్ని వచ్చాయో లెక్క లేదు. మీ రెండు పాసుల ఖరీదు మూడోసారి తెలుస్తుంది.

గట్టుదిగువ గారూ, మీరు రాసింది అంతా బాగుంది గానీ ఒక్క మాట నాకు నచ్చలేదు. ముప్పై గెలలతో సెకండ్ గేరులో గట్టెక్కుతుందా? ఏం లేదు, గుర్తు పెట్టుకుంటాను. ముందు గ్యారేజీ గారు చెప్పినట్టు ఎయిర్ క్లీనర్ చూడండి.

డిపో_రిటైర్డ్ (రాజమండ్రి) | మే 5, ఉదయం 6.15

బండి తేకుండా కాగితం అనే మాట ఇక్కడ వద్దు. ఇప్పుడు నంబరు ప్లేటు కనిపించేలా ఫొటో తీసి ఆన్‌లైన్లో ఎక్కిస్తేనే సర్టిఫికెట్ వస్తుంది. పైగా రెన్యువల్‌కి వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి స్టార్ట్ చేయమంటారు. జేబులో కాగితం ఒకటి చెబితే సైలెన్సర్ ఇంకోటి చెబుతుంది.

ఆయ్_అండీ (అమలాపురం) | మే 5, ఉదయం 7.02

ఒక్క సందేహమండీ. భీమవరం నుంచి మా వైపు దాకా ఎన్ని చెరువులు, ఎన్ని ఏరేటర్లు, ఎన్ని జనరేటర్లు. కరెంటు పోయిందంటే రాత్రంతా కుక్కర్లలా పొగలు కక్కుతాయి. వాటికి లేని టెస్టు ఇరవై అయిదేళ్ల జీపుకా? పాపం ముసలిది.

ఎక్స్‌ఎల్_టీచరమ్మ (భీమవరం) | మే 5, ఉదయం 7.40

జనరేటర్ల సంగతి నిజమే, మా వీధి చివర చెరువుంది, నాకు తెలుసు. కానీ స్కూలు గేటు ముందు నా ఆరోతరగతి పిల్లల మొహాల ఎత్తులో ఉండేవి జీపుల సైలెన్సర్లే. అందుకని జీపు వైపు మాట్లాడలేను.

నాదీ ఒక సమస్య ఉంది, తర్వాత అడుగుతాను.

గట్టుదిగువ (రావులపాలెం) | మే 6, రాత్రి 8.10

విప్పానండీ. ఆయిల్ బాతే. క్లిప్పులు తుప్పుపట్టి స్క్రూడ్రైవర్ పెట్టి లేపాల్సొచ్చింది. కింద గిన్నెలో ఆయిల్ ఉందంటే ఉంది. వేలు పెడితే జీళ్లపాకంలా సాగింది. అడుగున వేలెడు మందాన మట్టి పేరుకుపోయింది, లంక మట్టే, ఎండితే తెల్లగా అయ్యే ఆ మెత్తటి ఒండ్రు. అరటినార పోగులు, ఎండిపోయిన బల్లి ఒకటి. పైన తీగల జాలీ మొత్తం నల్లటి జిడ్డుతో మూసుకుపోయింది. వెలుగుకి ఎత్తి చూస్తే అవతలి వైపు కనిపించలేదు.

నాన్నగారిని అడిగితే "ఎయిర్ క్లీనరా? మొన్నే చేయించాం కదరా" అన్నారు. ఆ మొన్న అంటే తమ్ముడి పెళ్లికి ముందట. తమ్ముడి కూతురు ఇప్పుడు రెండో తరగతి.

డిపో_రిటైర్డ్ (రాజమండ్రి) | మే 6, రాత్రి 8.45

బల్లికి నా సానుభూతి. జాలీని డీజిల్లో నానబెట్టి బ్రష్షుతో రుద్ది, నీడన పూర్తిగా ఆరనివ్వు. తడిగా బిగించకు. గిన్నె లోపల ఒక గీత గానీ మెట్టు గానీ ఉంటుంది, కొత్త ఇంజిన్ ఆయిల్ సరిగ్గా అక్కడిదాకే పోయాలి. మంచిది కదా అని నిండా పోస్తే ఇంజిన్ ఆ ఆయిల్ని పీల్చుకుని కాలుస్తుంది, అప్పుడు ఇంకో రంగు పొగ చూస్తావు. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం లోపలి పొర ఊడి వేలాడుతోందేమో చూడు. బయటికి బాగానే కనిపిస్తుంది, తొక్కినప్పుడు లోపల ముడుచుకుని గాలి ఆపేస్తుంది. దాంతోపాటు డీజిల్ ఫిల్టర్ మార్చు, ట్యాపెట్ల గ్యాప్ సెట్ చేయించు. లంకల్లో తిరిగే బండికి ఊళ్లో బండికంటే రెండింతలు తరచుగా ఈ పని చేయాలి.

సీడీ100 (పాలకొల్లు) | మే 7, మధ్యాహ్నం 1.30

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, ఇదే బాధ నాదీ. 1998 హీరో హోండా సీడీ 100. టెస్టులో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 5.8, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 2300 వచ్చింది. ఫెయిల్. హెచ్‌సీ పాస్ అయిందట, సీఓ అవలేదట. రెండూ పొగే కదా, ఒకటి పాసై ఇంకోటి ఫెయిలవడం ఏంటండీ?

డిపో_రిటైర్డ్ (రాజమండ్రి) | మే 7, సాయంత్రం 5.20

ఒకటి కాదు బాబూ. సీఓ పెరిగిందంటే గాలికి పెట్రోలు ఎక్కువ కలుస్తోంది, సగం కాలి ఆగిపోతోంది అని. హెచ్‌సీ పెరిగిందంటే అసలు కాలకుండానే పెట్రోలో ఆయిలో బయటికి పోతోంది అని. ప్లగ్ మిస్సయినా, వాల్వు సరిగ్గా కూర్చోకపోయినా, ఆయిల్ కాలుతున్నా హెచ్‌సీ లేస్తుంది. నీకు సీఓ ఒక్కటే లేచింది కాబట్టి మిక్చర్ రిచ్‌గా ఉంది, మంట బాగానే ఉంది. సంతోషించు, ఇది కార్బురేటర్ దగ్గరే తేలిపోయే జబ్బు.

లిమిట్లు బండి తయారైన కాలాన్ని బట్టి ఉంటాయి. 2000 మార్చి 31కి ముందు తయారైన రెండు చక్రాల బండికి సీఓ 4.5 శాతం, హెచ్‌సీ 9000 పీపీఎం దాకా ఒప్పుకుంటారు. ఆ తర్వాత కొన్నేళ్ల దాకా తయారైనవైతే సీఓ 3.5, హెచ్‌సీ మాత్రం ఫోర్ స్ట్రోకుకి 4500, టూ స్ట్రోకుకి 6000. ఆపరేటర్ నీ బండి సంవత్సరం సరిగ్గా కొట్టాడో లేదో కూడా చూసుకో.

ముందు కొత్త ఎయిర్ ఫిల్టర్ బిగించు. చోక్ లివర్ పూర్తిగా వెనక్కి వస్తోందా చూడు, పాత సీడీలకి అది సగంలో ఇరుక్కుంటుంది, పైకి తెలీదు. ఆ తర్వాతే మిక్చర్ స్క్రూ ముట్టుకో. ముట్టుకునే ముందు లోపలికి ఎన్ని చుట్లు వెళ్తుందో లెక్కబెట్టి కాగితం మీద రాసుకో, గట్టిగా బిగిస్తే మొన విరుగుతుంది. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోలు పల్చనవుతుంది. ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, లోపలికి తిప్పితే పల్చనవుతుంది. ఇది తెలీక ఎంతమంది ఉన్నదాన్ని ఇంకా చెడగొట్టుకుంటారో. బండి బాగా వేడెక్కాక పావు చుట్టు, పావు చుట్టు తిప్పు. ప్లగ్ తీసి చూస్తే మొన దగ్గర మారీ బిస్కెట్ రంగు రావాలి. కాటుకలా ఉంటే ఇంకా రిచ్.

ఉప్పుగాలి (అంతర్వేది) | మే 7, రాత్రి 9.15

సీడీ గారూ, సైలెన్సర్ కూడా చూసుకోండి. మా సముద్రం పక్క గాలికి ఏ సైలెన్సరూ నాలుగేళ్లు బతకదు. బెండు దగ్గర సూదిబెజ్జాలు పడితే వాటిగుండా బయటి గాలి లోపలికి లాగుతుంది, రీడింగు పిచ్చిపిచ్చిగా వస్తుంది. గాలి కలిసి సీఓ తక్కువ చూపిస్తుంది కదా, లాభమే అనుకునేరు. మంచి ఆపరేటర్ అయితే లీకు చప్పుడు విని ముందే వెనక్కి పంపేస్తాడు. ఎం-సీల్ పెట్టి మూసేవాళ్లున్నారు, ఆ వేడికి రెండ్రోజుల్లో రాలిపోతుంది. వెల్డింగ్ పెట్టించండి.

ఎక్స్‌ఎల్_టీచరమ్మ (భీమవరం) | మే 8, ఉదయం 6.50

ఇప్పుడు నా వంతు. 2008 టీవీఎస్ ఎక్స్‌ఎల్ సూపర్ మోపెడ్. స్కూలుకి, కూరగాయలకి, మా వారు కొబ్బరికాయలకి. తెల్లగా పొగ, వెనక వచ్చేవాళ్లు ముక్కు మూసుకుంటారు. ఇంకా టెస్టుకి వెళ్లలేదు, పరువు పోతుందని భయం.

పంపుల_బాబాయ్ (తణుకు) | మే 8, ఉదయం 8.30

అమ్మా, లీటరు పెట్రోలుకి టూటీ ఆయిల్ ఎంత పోస్తున్నారు?

ఎక్స్‌ఎల్_టీచరమ్మ (భీమవరం) | మే 8, ఉదయం 8.44

లెక్కేం లేదండీ. బంకు కుర్రాడు పంపు కొట్టినంత. ఇంజిన్‌కి మంచిది కదా అని మా వారు పైన ఇంకో మూత పోస్తారు.

పంపుల_బాబాయ్ (తణుకు) | మే 8, ఉదయం 9.10

ఆ మూత ఆపించండి. మామూలుగా లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంతే. ఎక్కువ పోస్తే ఇంజిన్‌కి మంచిది కాదు, ఆ మిగులు ఆయిల్ సగం కాలి సైలెన్సర్లోనూ, పొగ బయటికొచ్చే పోర్టు దగ్గరా మసిగా గడ్డకడుతుంది. అప్పుడు బండికి ఊపిరాడక ఇంకా పొగ. సైలెన్సర్ విప్పి మసి కొట్టించండి, హెడ్డూ పోర్టూ గీకించండి, కొత్త ప్లగ్ వేయించండి. ఆయిల్ కొలిచి పోస్తూ ఒక ట్యాంకు తిరిగాక టెస్టుకి వెళ్లండి. పరువుకేం కాదు.

ఆయ్_అండీ (అమలాపురం) | మే 8, ఉదయం 9.25

పప్పులో నెయ్యి లెక్కన పోసేస్తున్నారన్నమాట మాస్టారు. గోదారోళ్లం కదండీ మరి, చెయ్యి చిన్నది చెయ్యలేం.

గట్టుదిగువ (రావులపాలెం) | మే 11, సాయంత్రం 6.40

ఎయిర్ క్లీనర్ శుభ్రం చేసి, డీజిల్ ఫిల్టర్ మార్చి, ట్యాపెట్లు సెట్ చేయించి ఇవాళ మళ్లీ వెళ్లాను. 3.3. తగ్గింది గానీ ఫెయిలే. మాట్లాడితే ఇంజిన్ దింపమనే ఆ మెకానిక్ ఇవాళ కూడా అక్కడే ఉన్నాడు, నన్ను చూసి నవ్వాడు.

డిపో_రిటైర్డ్ (రాజమండ్రి) | మే 11, రాత్రి 7.30

3.9 నుంచి 3.3 అంటే దారి సరైనదే. టెస్టుకి వెళ్లినప్పుడు బండి వేడి మీద ఉందా? ఎంత దూరం నుంచి తోలుకెళ్లావు?

గట్టుదిగువ (రావులపాలెం) | మే 11, రాత్రి 7.41

ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు. అక్కడ ముందు నాలుగు బళ్లున్నాయి, అరగంట ఆపి పెట్టాను.

డిపో_రిటైర్డ్ (రాజమండ్రి) | మే 11, రాత్రి 8.20

అదిగో. చల్లారిన ఇంజిన్‌తో పొగ పరీక్ష చేస్తే మంచి బండి కూడా ఓడిపోతుంది. ఇంజిన్ ఆయిల్ కనీసం 60 డిగ్రీలు ఉండాలని పద్ధతిలోనే ఉంది. పైగా నెమ్మదిగా ఊళ్లో తిరిగే బండికి సైలెన్సర్ నిండా పాత మసి పేరుకుని ఉంటుంది, మొదటి తొక్కుడుకి అదంతా మీటర్లోకే పోతుంది. ఈసారి రావులపాలెం నుంచి సిద్ధాంతం దగ్గరి గోదావరి వంతెన దాటి పెరవలి దాకా హైవే మీద టాప్ గేరులో, ఇంజిన్ కాస్త గట్టిగా పలికేలా తోలి వెనక్కి వచ్చి, ఆపకుండా నేరుగా క్యూలో పెట్టు. వెయిటింగ్ ఉంటే ఐడిల్లో ఉంచు, నీ వంతు వచ్చే ముందు రెండు మూడుసార్లు రేజ్ చేసి మసి దులుపు.

పరీక్ష ఎలా జరుగుతుందో కూడా తెలుసుకో, నీకు సగం ధైర్యం వస్తుంది. న్యూట్రల్లో పెట్టి, ఐడిల్ నుంచి పెడల్‌ని ఒక్క ఊపున చివరిదాకా తొక్కాలి. తన్నడం కాదు, ఆగి ఆగి తొక్కడమూ కాదు. ఇంజిన్ స్పీడు హద్దు దాటకుండా పంపులో గవర్నర్ అని ఒకటి ఉంటుంది, అది పట్టే స్పీడుకి చేరాక వదిలెయ్యాలి. ముందు కొన్ని మసి దులపడానికి, తర్వాత వరసగా కొన్ని కొలవడానికి. దగ్గరదగ్గరగా వచ్చిన వాటి సగటు తీస్తారు. ఆపరేటర్ ఒకటే తొక్కించి ప్రింటు కొడితే, అయ్యా ఇంకో మూడు తొక్కిస్తారా అని మర్యాదగా అడుగు.

ఇంకో హెచ్చరిక. ఖాళీగా ఫుల్ స్పీడుకి లేపడం ముసలి ఇంజిన్‌కి చిన్న విషయం కాదు. ముందు ఆయిల్ లెవెలు, కూలెంటు, ఫ్యాన్ బెల్టు చూసుకో. గవర్నర్ పనిచేయని పంపుతో ఈ పరీక్షకి వెళ్తే ఇంజిన్ కేకలేసి రాడ్డు బయటికొస్తుంది.

ఆ 2.45 అనేది బీఎస్4 (కొత్త బళ్ల పొగ మీద ప్రభుత్వం పెట్టిన నాలుగో మెట్టు హద్దులు) రాకముందు డీజిల్ బళ్లకి. పాత మీటర్ల భాషలో 65 హార్ట్‌రిడ్జ్. బీఎస్4 వాటికి 1.62, అంటే 50. నీ 3.9 అంటే ఆ లెక్కలో 81. డిపోలో అలాంటి బస్సు కనబడితే మా ఫోర్‌మన్ గారు పొగ గురించి అనేవారు కాదు, "కేఎంపీఎల్ కారిపోతోందిరా" అనేవారు, అంటే లీటరుకి వచ్చే కిలోమీటర్లు. నల్లగా పోయేదంతా మీ నాన్నగారు డబ్బిచ్చి కొన్న డీజిలే.

పంపుల_బాబాయ్ (తణుకు) | మే 11, రాత్రి 9.00

ఇప్పుడు నా మాట వినండి. వేడి చేసుకుని వెళ్తే ఇంకొంచెం తగ్గుతుంది, 2.45 కిందికి రావడం నాకు అనుమానం. ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పించి టెస్టర్ మీద పెట్టించండి. మంచి నాజిల్ నుంచి డీజిల్ మంచులా చిమ్మి టక్కున ఆగుతుంది. చెడ్డది ముక్కు కారినట్టు చివర ఒక బొట్టు వదులుతుంది. ఆ బొట్టు కాలదు, మసవుతుంది.

దాంతోపాటు పంపు కూడా దింపించి తీసుకెళ్లండి. నాకు మోకాళ్లు పనిచేయక షాపు తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాను, ఎక్కడైనా సరే పంపు తిప్పి కొలిచే బెంచి ఉన్న షాపుకే వెళ్లండి. పంపు పక్కన ఫుల్ లోడ్ స్క్రూ ఉంటుంది, ఇంజిన్‌కి ఎక్కువలో ఎక్కువ ఎంత డీజిల్ వెళ్లాలో అదే చెబుతుంది, కంపెనీలో సెట్ చేసి తీగతో సీసం సీలు వేస్తారు. మీ పంపుకి ఆ సీలు ఉందో లేదో నాకు చెప్పండి. ఉందని మాత్రం నేను అనుకోను.

గట్టుదిగువ (రావులపాలెం) | మే 11, రాత్రి 9.12

సీలు లేకపోతే?

పంపుల_బాబాయ్ (తణుకు) | మే 11, రాత్రి 9.15

నాన్నగారిని అడగాల్సి ఉంటుంది.

స్విఫ్ట్‌వాలా (కాకినాడ) | మే 12, ఉదయం 10.00

పెట్రోల్ కారుకి కూడా వేడి అవసరమేనా? నాది 2018, బీఎస్4. పోయినసారి చిన్నతేడాతో ఫెయిల్, మర్నాడు ఏమీ చేయకుండానే పాస్.

డిపో_రిటైర్డ్ (రాజమండ్రి) | మే 12, ఉదయం 11.15

ఇంకా ఎక్కువ అవసరం. నీ లిమిట్లు సీఓ 0.3, హెచ్‌సీ 200. అంత తక్కువ రావాలంటే సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కాలి. చల్లగా ఉన్నప్పుడు అది ఉత్త డబ్బా. పది కిలోమీటర్లు తోలి వెళ్లు. నీకు సర్టిఫికెట్ ఏడాదికి ఒకసారి చాలు, బీఎస్4కి ముందు వాటికే ఆరు నెలలు.

సీడీ100 (పాలకొల్లు) | మే 14, రాత్రి 8.00

ఆరు నెలలకోసారి అంటే నాకు ఎక్కడ గుర్తుంటుందండీ. పట్టుకుంటే ఎంత?

ఉప్పుగాలి (అంతర్వేది) | మే 14, రాత్రి 8.20

2019 సవరణ తర్వాత చట్టంలో పదివేల దాకా జరిమానా రాసుంది. మీ సీడీ అమ్మితే అంత వస్తుందో రాదో. ఫోన్లో అలారం పెట్టుకోండి.

గట్టుదిగువ (రావులపాలెం) | మే 17, రాత్రి 9.50

పెద్ద కథండీ, ఓపిగ్గా చదవండి.

తణుకు తీసుకెళ్లాను. నాలుగు నాజిళ్లనీ టెస్టర్ మీద పెట్టారు. బాబాయ్ గారు చెప్పిన బొట్టు నా కళ్లతో చూశాను. మూడు బాగానే చిమ్మాయి, మూడో సిలిండర్‌ది మాత్రం పిచికారీ ఒక పక్కకి పోయి, ఆగాక కొసన బొట్టు వేలాడింది. దానికి కొత్త మొన వేశారు.

తర్వాత పంపు. సీలు లేదు. తీగ కూడా లేదు. స్క్రూ తల మీద స్పానర్ పళ్ల గాట్లు, అదీ ఒకసారి కాదు, నాలుగైదుసార్లు తిప్పినట్టు. బెంచి మీద పెట్టి తిప్పితే గాజు గొట్టాల్లో డీజిల్ చార్టులో ఉన్నదానికంటే చాలా పైకి వచ్చింది. షాపాయన "ఎవరో బాగా పెంచారండీ" అన్నాడు.

ఇంటికొచ్చి నాన్నగారిని అడిగాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. మళ్లీ అడిగితే అప్పుడు చెప్పారు. ఎప్పుడో గెలల లోడుతో వానలో గట్టు మధ్యలో జీపు ఆగిపోయి వెనక్కి జారిందట. వెనకే ఎడ్లబండి ఉందట. ఆ రోజు నించి మా పాత డ్రైవర్‌తో పంపు పెంచించారు. ఆ తర్వాత "కొంచెం లాగట్లేదు" అనిపించినప్పుడల్లా ఆయనే స్పానర్ పట్టుకుని కొంచెం కొంచెం. ఎయిర్ క్లీనర్ మూసుకుపోయి లాగకపోతే అది చూడకుండా డీజిల్ పెంచుకుంటూ వచ్చారన్నమాట. ఊళ్లో ఎవరి జీపూ ఎక్కని గేరులో ఎక్కిందంటే ఇదీ సంగతి.

పంపు చార్టు ప్రకారం సెట్ చేయించి బిగించాం. నాజిలూ పంపూ కలిపి పదకొండు వేలయింది. ఇవాళ పెరవలి దాకా తోలుకొచ్చి, ఆపకుండా టెస్టులో పెట్టాను. నాలుగుసార్లు తొక్కించాడు. 1.8.

మెకానిక్ గారు ఇవాళ కనిపించలేదు.

డిపో_రిటైర్డ్ (రాజమండ్రి) | మే 17, రాత్రి 10.05

శభాష్. గడువుకి అరవై రోజుల ముందు నుంచే రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు, కాబట్టి రేపే పెట్టెయ్యి. లైట్లు, హారన్, హ్యాండ్‌బ్రేక్, వెనక రిఫ్లెక్టర్లు కూడా చూసుకుని వెళ్లు. పొగలో పాసై ఇండికేటర్ దగ్గర వెనక్కొచ్చిన వాళ్లని చూశాను.

ఎక్స్‌ఎల్_టీచరమ్మ (భీమవరం) | మే 18, ఉదయం 7.15

మంచి మాట విన్నాం పొద్దున్నే. మా ఎక్స్‌ఎల్ సైలెన్సర్లోంచి గుప్పెడు మసి రాలింది. మందుసీసా మూతతో కొలిచి ఆయిల్ పోస్తున్నాను, మా వారు దూరంగా నిలబడి చూస్తున్నారు. వచ్చేవారం టెస్టు.

సీడీ100 (పాలకొల్లు) | మే 18, మధ్యాహ్నం 2.00

నాది పాస్. సీఓ 3.1. చోక్ సగంలోనే ఇరుక్కుని ఉందండీ, ఎన్నేళ్లుగానో. స్క్రూ ముట్టుకునే అవసరమే రాలేదు.

ఆయ్_అండీ (అమలాపురం) | మే 18, సాయంత్రం 6.30

గట్టుదిగువ గారూ, అసలు సంగతి చెప్పలేదు. గట్టెక్కిందా?

గట్టుదిగువ (రావులపాలెం) | మే 19, రాత్రి 8.30

ఇవాళ పొద్దున నాన్నగారే తోలారు. ఇరవై అయిదు గెలలు. అలవాటు కొద్దీ సెకండ్‌లోనే మొదలెట్టారు, సగానికి వచ్చాక మూలిగింది. ఆపి, ఏమీ మాట్లాడకుండా ఫస్ట్‌లో వేసి ఎక్కించారు. ఎక్కింది, తీరిగ్గా. పైకొచ్చాక అద్దంలోకి చూసి, "వెనకేం కనపడట్లేదేంట్రా, ఇంజిన్ ఆగిపోయిందా?" అన్నారు. పొగ లేదు నాన్నా అని చెప్పాను.

పంపుల_బాబాయ్ (తణుకు) | మే 19, రాత్రి 8.52

సంతోషం. స్క్రూకి కొత్త సీలు వేయించారా?

గట్టుదిగువ (రావులపాలెం) | మే 19, రాత్రి 8.55

వేయించానండీ. పది నంబరు స్పానరు మాత్రం సాయంత్రం నుంచి పెట్టెలో కనిపించట్లేదు.